దిగే ఒడ్డు, తిరిగొచ్చే ఒడ్డు

వెలిమెలలో కాపురం ఉంటే, చూడటానికి నీళ్లకు కొదవ లేదు. దక్షిణాన గండిపేట, అటు అమీన్‌పూర్, పటాన్‌చెరు చుట్టూ గొలుసుకట్టు చెరువులు, సంగారెడ్డి దాటగానే మంజీర. కొల్లూరు దగ్గర రింగురోడ్డు ఎక్కితే హోర్డింగు వెనక హోర్డింగు. ప్రతి టవరుకూ ఒక చెరువు, ఆ చెరువు కనిపించే ఒక బాల్కనీ. అన్ని నీళ్లున్నా, ఒక కయాక్ వేసుకుని తెడ్డు ముంచుదామంటే కారులో వంద కిలోమీటర్ల దాకా పోవాలి. ఎందుకో మా మేనల్లుడికి చెప్పి ఒప్పించేసరికి నాకు ఒక పూట పట్టింది.

వాడు అట్లాంటాలో ఉంటాడు. అక్కడ లేనియర్ సరస్సు మీద శని ఆదివారాలు కయాకింగ్ చేస్తాడు. ఆ సరస్సూ మన ప్రాజెక్టుల్లాంటిదే. చటాహూచీ నదికి 1950ల్లో అడ్డుకట్ట వేస్తే ఊళ్లూ పొలాలూ మునిగి ఏర్పడింది. ఆనకట్ట చూసుకునేది వాళ్ల సైన్యపు ఇంజినీర్లు. పడవ దింపడానికి కాంక్రీటు వాలు, కారు నిలపడానికి చోటు, గాలి ఎక్కువుంటే వాతావరణ శాఖ హెచ్చరిక, అన్నీ ఉంటాయట. నవంబరు చివర్లో సెలవు మీద వస్తూ వీపున వేసుకునే సంచీలో గాలి నింపే కయాక్ ఒకటి తెచ్చాడు. వచ్చిన మర్నాడే, "మామా, గండిపేట ఇక్కడే కదా, పోదాం పద" అన్నాడు.

గండిపేట మనం తాగే నీళ్లు. 1908 సెప్టెంబరు వరదకు మూసీ నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మీద కట్టిన రెండు జలాశయాల్లో ఇది మొదటిది. 1920లో పూర్తయింది. రెండోది హిమాయత్ సాగర్, 1927. వీటి చుట్టూ పది కిలోమీటర్ల మేర పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ రాకూడదని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. దాని మీద పాతికేళ్లకు పైగా రియల్ ఎస్టేటు వాళ్లూ పర్యావరణం వాళ్లూ కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ గొడవలో నేనెటున్నా, నగరం తాగే నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చోవడానికి నాకు మనసొప్పదు.

అమీన్‌పూర్ పెద్దచెరువైతే పక్షులది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం ఒళ్లో ఉన్న చెరువుకు దేశంలో అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. చలికాలం అక్కడ దిగిన వలస పక్షుల మధ్యకు ఎర్రటి ప్లాస్టిక్ పడవేసుకుని పోతే అవి లేచిపోతాయి. వాటి కోసం పొద్దున్నే కెమెరాలతో కూర్చున్నవాళ్లు మనల్ని తిట్టిపోస్తారు, న్యాయంగానే.

మిగిలినవి పటాన్‌చెరు వైపు నీళ్లు. వాటి సంగతి నెమ్మదిగా చెప్పాలి. కయాక్‌లో కూర్చున్నవాడు నీటికి జానెడు ఎత్తులో ఉంటాడు. తెడ్డు ఎత్తిన ప్రతిసారీ కారిన నీరు ఒళ్లో పడుతుంది. గాలి ఉంటే మొహాన చిందుతుంది, అప్పుడప్పుడు నోట్లోకీ పోతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో చెరువును దాని అందం చూసి ఎంచుకోవడం కుదరదు. ఆ నీళ్లు ఏ వాగు నుంచి వస్తున్నాయో చూడాలి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి పారే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. అప్పట్లో ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీర దాకా పోయేది. తర్వాత కాజీపల్లి చెరువులోనూ మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు విపరీతంగా ఉన్నాయని పరిశోధనలు వచ్చాయి. కంపెనీలు ఇప్పుడు చాలా మారామంటాయి, కొంత మారి ఉండొచ్చు కూడా. అయినా నక్కవాగు దిగువన కయాకింగ్ అంటే నేను రాను.

మా వాడు సంచి భుజాన్నుంచి దించి, "మరి ఎక్కడ?" అన్నాడు. అలా మొదలైంది మా ప్రయాణం.

తెల్లవారుజామున కందిలో ఐఐటీ గేటు దాటేసరికి మంచు దట్టంగా పట్టింది. మంజీర బ్యారేజీ సంగారెడ్డి పక్కనే, కల్పగూరు దగ్గర. సింగూరు డ్యాం నుంచి ఈ బ్యారేజీ దాకా ఉన్న ముప్పై ఆరు కిలోమీటర్ల నదిని 1978లో అభయారణ్యం చేశారు. ముఖ్యంగా మొసళ్ల కోసం. మన మడుగు మొసలిని ఇక్కడ పెంచి వదిలారు. నీళ్ల మధ్య చిన్న చిన్న గడ్డలున్నాయి, పుట్టిగడ్డ, కర్ణంగడ్డ, బాపన్‌గడ్డ అని పేర్లు. వాటి మీద తుంగ, జమ్ము, పక్షుల గూళ్లు. మంచు విడుతుంటే నీరు గాజు పలకలా ఉంది. ఒక్క అల లేదు. మా వాడికి చేతులు దురద పెట్టాయి. చలికాలం పొద్దున, గాలి లేని నీళ్లు, పడవకు అంతకన్నా మంచి వేళ ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, మొసలికీ అదే మంచి వేళ. రాత్రంతా చల్లబడ్డ ఒంటిని కాచుకోవడానికి ఆ ఎండకే అది గడ్డ మీదికొచ్చి నోరు తెరుచుకుని పడుకుంటుంది. మనం దిగాలనుకునే ఒడ్డు, అదీ ఎక్కాలనుకునే ఒడ్డు ఒకటే. మాఘ ఫాల్గుణాలు వస్తే గుడ్లు పెట్టే కాలం, అప్పుడు మరీ కోపిష్టి. అభయారణ్యంలో సొంత పడవ దింపడం ఎలాగూ కుదరదు, కుదిరినా వద్దు. పావుగంట చూసి కారెక్కాం.

సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161 నంబరు జాతీయ రహదారి పట్టుకుని, చౌటకూరు దాటి పుల్కల్ మీదుగా పోతే సింగూరు. నేను మా వాడికి నిజంగా చూపించాలనుకున్న చోటు అదే. అక్కడా దిగడానికి కాదు. ఇదీ నగరానికీ పల్లెలకూ తాగునీరే, ఇందులోనూ మొసళ్లున్నాయి. పెద్ద నీళ్లు ఎట్లా ఉంటాయో, వాటిని ఎట్లా చూడాలో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఈ చుట్టుపక్కల లేదు.

మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదరు మీదుగా మన జిల్లాలోకి వచ్చి, ఇక్కడి నుంచి ఉత్తరానికి మళ్లి నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. సింగూరు డ్యాం 1980ల చివరికి పూర్తయింది. 17 గేట్లు, 29.91 టీఎంసీల నిల్వ, నిండుమట్టం 523.6 మీటర్లు. కట్ట తూర్పు కొసన ఉంటుంది, నీరంతా పడమటికి, బీదరు వైపు వేళ్లలా పరుచుకుని ఉంటుంది. మొత్తం కీలకం ఈ దిక్కుల్లోనే ఉంది.

వానాకాలం గాలి పడమర నుంచి, నైరుతి నుంచి వస్తుంది. జూన్, జూలైల్లో అది ఆగకుండా వీస్తుంది. పడమటి కొస నుంచి బయలుదేరిన గాలికి కట్ట దాకా అడ్డం ఏమీ లేదు. నీటి మీద ఎంత దూరం పరుగెడితే అల అంత పెరుగుతుంది. ఒకే గాలికి ఊరి చెరువులో ముడత పడితే సింగూరు కట్ట దగ్గర రాళ్లు దడదడలాడతాయి. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జూలైలో పెట్టుకునేదీ ఈ గాలి కోసమే. తెరచాపవాడికి పండగైన నెల తెడ్డువాడికి మంచిది కాదు. చలికాలం వస్తే లెక్క తిరగబడుతుంది. గాలి తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి, మెత్తగా వస్తుంది. అప్పుడు కట్ట దగ్గరే నీరు కదలకుండా ఉంటుంది, గాలికి కట్ట చాటు కాబట్టి. కొత్తవాడు మోసపోయేది ఇక్కడే. కట్ట దగ్గర నిశ్చలంగా ఉందని దిగుతాడు. వెన్నులో గాలి నెడుతుంటే తన తెడ్డు బలమే అనుకుని హాయిగా ముందుకు పోతాడు. కిలోమీటరు దాటి వెనక్కి తిరిగితే ఎదురుగాలి, ఎదురు అల. మామూలు మనిషి కయాక్ గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. ఎదురుగాలి గట్టిదైతే అందులో సగం కూడా రాదు. అందుకే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి ఉండేలా ఒడ్డు ఎంచుకోవాలి. కష్టం ఓపికున్నప్పుడు పడాలి.

మేం కట్టకు దూరంగా, ఒక పాయ మూతి దగ్గర కారాపుకుని కూర్చున్నాం. తొమ్మిది దాకా నీరు పలకలాగే ఉంది. రాత్రి నేల చల్లబడి దాని మీది గాలిపొర కదలకుండా పడుకుంటుంది. మన పటాన్‌చెరు పేరు చలికాలం బులెటిన్లలో అడుగున కనబడేది ఇలాంటి రాత్రుల పుణ్యమే. ఎండ ఎక్కి నేల వేడెక్కాక పైగాలి కిందికి దిగుతుంది. తొమ్మిదిన్నరకు నడిమి నీళ్ల మీద ఒక నల్లటి చార కనిపించింది. దగ్గరి నీరు ఇంకా వెండిలా మెరుస్తూనే ఉంది. ఆ చార మా వైపు జరిగింది, ఇంకొకటి పుట్టింది, రెండూ కలిశాయి. పది దాటేసరికి అలల తలలు అక్కడక్కడ విరుగుతున్నాయి. బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాధికారి రెండు వందల ఏళ్ల కింద గాలికి కట్టిన కొలతలో ఇది మూడో మెట్టు, గంటకు పన్నెండు నుంచి పంతొమ్మిది కిలోమీటర్లు. నాలుగో మెట్టుకు నురగ అంతటా తెల్లగా కనిపిస్తుంది. తెల్లగా కనిపించిందంటే ఒడ్డున చాయ్ తాగడమే.

అప్పుడే ఒకాయన పుట్టి ఒడ్డుకు తెచ్చాడు. దాన్ని నెత్తికెత్తుకుని తాబేలులా నాలుగడుగులు వేసి బోర్లించాడు. వలలో జల్లలు, బొచ్చెలు. మా వాడి సంచి వైపు చూసి నవ్వాడు.

"గాలి నింపేదా సారూ? నీళ్ల మీద దూదిలెక్క కొట్టుకపోతది."

నిజమే. గాలి పడవ తేలిక, నీటిలో దిగేది తక్కువ, పైకి నిలిచేది ఎక్కువ. తెడ్డుకన్నా గాలి మాటే ఎక్కువ వింటుంది. మరి మీ పుట్టి గుండ్రంగా ఉంటుంది కదా, అది కొట్టుకుపోదా అని మా వాడు అడిగాడు.

"పోతది బిడ్డా. అందుకే పొద్దుగాల వోయి పొద్దెక్కకముందు వస్తం. గాలి లేస్తే గిర్రున తిప్పుతది."

ఆయన చెప్పినవి మరికొన్ని ఉన్నాయి. ఎక్కడ వల గుంజలు పాతారో, ఎక్కడ నీటి కింద మునిగిన ఊరి గోడలూ తుమ్మ మొద్దులూ ఉన్నాయో. నీరు నిండుగా ఉంటే అవి అడుగున పడుకుంటాయి. రెండు మీటర్లు తగ్గితే సరిగ్గా పడవ అడుగుకు తగిలే ఎత్తుకు వస్తాయి, పైకి మాత్రం కనబడవు. ఇంకా తగ్గితే అసలు నీటి దాకానే పోలేం. ఇక్కడ చాలా చోట్ల నల్లరేగడి. నీరు వెనక్కి పోయిన చోట పైన పొరలు పొరలుగా ఎండి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలు దాకా దిగబడుతుంది. ఆ నేలలో వెనకాలే శనగలూ జొన్నలూ వేసుకునే రైతులకు ఎక్కడ అడుగు వేయాలో తెలుసు. మనకు తెలియదు. పడవ దింపడానికి ఒడ్డు చూసేటప్పుడు నీళ్లకన్నా ముందు మట్టి చూడాలని ఆయన కాలి వేలితో నొక్కి చూపించాడు. మట్టి పగుళ్లలోంచి నీరు ఊరింది.

ఒక ఏడాది బాగున్న చోటు మరో ఏడాదికి చెల్లదు. 2016 ఎండాకాలంలో సింగూరు ఎండిపోయింది, పగుళ్లిచ్చిన నేల మీద గొడ్లు మేశాయి. అదే సెప్టెంబరులో వానలు ముంచెత్తి గేట్లు ఎత్తారు. గేట్లు ఎత్తే రోజుల్లో పై పాయల్లో కూడా ప్రవాహం లాగుతుంది, కట్ట వైపు అసలే పోకూడదు. చిన్న చెరువుల్లో అయితే మత్తడి, తూము. తూము పైన నీరు తిరుగుతూ కనిపిస్తే పిల్లలకు సరదా, కిందున్న లాగుడు కనిపించదు. మా వాడు లేనియర్‌లో వీటన్నిటికీ బోయాలు కట్టి ఉంటాయన్నాడు. ఇక్కడ బోయా పని పుట్టివాళ్ల నోటిమాటే చేస్తుంది. అడగాలంతే. అడిగేముందు రెండు కిలోల చేపలు కొంటే ఇంకా బాగా చెబుతారు.

ఆ చేపలు సదాశివపేటలో ఒక హోటలువాడికి ఇచ్చి వేయించుకుని తిన్నాం. మోమిన్‌పేట మీదుగా వికారాబాద్ చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడవునా పత్తి, కంది, ఎర్ర చల్క. లాడ్జిలో పడుకోబోయే ముందు మా వాడు ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచాడు. పనికొచ్చే అలవాటే. జలాశయం ఆకారం చూస్తే గాలికి బారుగా ఉన్న నిడివి ఏదో, అడ్డంగా ఉన్న పాయలేవో తెలుస్తాయి. పాయల్లో గాలి దూరదు. కానీ ఆ బొమ్మ ఏ నెలలో తీసిందో చూసుకోవాలి, ఆగస్టు నీళ్లు చూసుకుని ఏప్రిల్‌లో పోతే బురద ఎదురొస్తుంది.

కోట్‌పల్లి అనంతగిరి కొండల అవతల, ధారూరు దాటాక. కోట్‌పల్లి వాగు మీద 1967లో సాగు కోసం కట్టిన మధ్యతరహా ప్రాజెక్టు ఇది. ఈ నీరు కాగ్నాలోకి, అక్కణ్ణుంచి భీమాలోకి, చివరికి కృష్ణలోకి. అనంతగిరికి అటు మూసీ పుడుతుంది, ఇటు ఈ వాగు. హైదరాబాద్‌లో కయాక్ అన్న మాట ఎత్తితే ముందుగా వినిపించే పేరు ఇదే. పేరు రావడానికి కారణం అందమని అందరూ అంటారు. నేననుకోవడం, కొలత. సింగూరు ముందు ఇది చిన్నది. ఎటు చూసినా అవతలి ఒడ్డు కనిపిస్తుంది. గాలి పరుగెత్తడానికి చోటు తక్కువ, అడవి ఒకవైపు దాన్ని ఆపుతుంది. పైన ఫ్యాక్టరీలు లేవు. ఒడ్డు చాలా చోట్ల ఎర్రగరప, కాలు నిలుస్తుంది.

ఏడింటికే చేరాం. చలి. చెట్ల మీద నుంచి నీళ్లలోకి ఎండ ఇంకా దిగలేదు. సంచి డిక్కీలోనే వదిలేసి గట్టి ప్లాస్టిక్ కయాక్‌లు రెండు అద్దెకు తీసుకున్నాం. ఒడ్డున ఉన్న కుర్రాడు లైఫ్ జాకెట్ బకిళ్లు తనే బిగించి, మెడ దగ్గర పట్టుకుని పైకి గుంజి చూశాడు. గడ్డం దాకా జారితే వదులని లెక్క. నాది జారింది. ఇంకోటి ఇచ్చాడు. ఆ గుంజి చూడటం చాలా చోట్ల ఎవరూ చెయ్యరు. 2023 సంక్రాంతి సెలవుల్లో ఇదే జలాశయంలో ఈతకు దిగిన ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మునిగిపోయారు. 2025లో దగ్గర్లోని సర్పన్‌పల్లి ప్రాజెక్టులో పడవ బోల్తాపడి విహారానికి వచ్చిన ఇద్దరు మహిళలు చనిపోయారు. మన ప్రాజెక్టులన్నీ వాగుల మీదివి. ఒడ్డు నుంచి నాలుగడుగులు నడుము లోతే ఉండి, అయిదో అడుగు పాత వాగు గట్టు మీది నుంచి పడిపోతుంది.

అడవి ఒడ్డు వెంబడే పోయాం. నడిమికి పోయినంత మాత్రాన కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. ఒడ్డు వెంట అయితే ప్రతి వంపుకూ ఒక సంగతి. ఎండిన కొమ్మ మీద నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది. లకుముకి నీళ్లలోకి పడి లేచింది, ముక్కున చేపపిల్ల. వంపు తిరిగిన చోట నీరు అద్దంలా ఉంటే తెడ్డు ఆపేసి చుక్కలు కారే చప్పుడు విన్నాం. ఒక పాయలోకి దూరితే లోపల తామర తీగ అల్లుకుని దారి మూసేసింది. తెడ్డుకు చుట్టుకుంటే విడదీయడం పెద్ద పని. వెనక్కి తిప్పడానికి చోటు లేక వెనక్కే తెడ్డు వేశాం. అట్లా వెనక్కి పోవడం మా వాడికి బాగా వచ్చు, నాకు రాదు, వాడు నవ్వాడు.

తొమ్మిదింటికి మేం ఒడ్డుకొచ్చేటప్పటికి కార్లు దిగుతున్నాయి. పదింటికి పార్కింగు నిండింది. అప్పటికి నీటి మీద ఆ నల్లచారలు మొదలయ్యాయి. నలుగురు కుర్రాళ్లు అవతలి ఒడ్డు చూపిస్తూ అక్కడిదాకా పోయొస్తామన్నారు.

"గీ పక్కనే తిరగండి అన్నా. అటు పోవద్దు."

"డబ్బులు గంటకే కదా తీసుకున్నావ్. మా ఇష్టం."

"గంటల పోతరన్నా, గంటల రారు. రేపు ఏడింటికి రండి, అటే తీస్కపోత."

వాళ్లు కాసేపు వాదించి, ఒక ఫోటో తీసుకుని, చెట్ల పక్కనే తిరిగారు. నా లెక్కలో మంచి చోటుకు ఇదొక గుర్తు. వద్దు అనగలిగే మనిషి ఒడ్డున ఉండాలి.

ధారూరులో చాయ్ దగ్గర మా వాడు తర్వాత సోమశిల అన్నాడు. కొల్లాపూర్ పక్కన, శ్రీశైలం వెనక జలాల ఒడ్డు. అక్కడ నీరు విశాలం, రెండు పక్కలా నల్లమల కొండలు. అవతలి వైపు సంగమేశ్వరం గుడి నీళ్లలో మునిగి, మట్టం పడిపోయాక బయటపడుతుంది. అంటే దిగే ఒడ్డు నెలనెలా జరిగిపోతుంటుంది. శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు. ఈ వారం ఎంత ఉంది, గాలి కొండల మధ్య ఎటు నుంచి దూరుతోంది, ఈ రెండూ తెలిశాకే ఊరు కదలాలని చెప్పాను. వాడు ఫోన్ తీసి జలాశయాల మట్టాలు వెతకడం మొదలుపెట్టాడు. నేను అక్కడి పుట్టివాళ్లలో ఎవరి నంబరైనా దొరుకుతుందేమోనని చాయ్ హోటలాయన్ని అడిగాను. ఆయన బావమరిది కొల్లాపూర్‌లోనే ఉంటాడట.